గ్రైండరు ఉండగా మిక్సీ ఎందుకు?

మొన్న వంట ముగించి కాసేపు నడుం వాల్చానో లేదో, మా పక్కింటి కోడలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. ఇంట్లోనే కూర్చుని పెళ్లి శుభలేఖలు, బొటిక్‌ల వాళ్లకి లేబుళ్లు డిజైన్ చేసిస్తుంది లెండి. "పిన్నిగారూ, నష్టమైనా సరే ఈ నెల చీటీ పాడేస్తాను. కొత్తది కొనాల్సిందే" అంది. బ్రౌజరులో ఫిగ్మా తెరిచి ఫొటో జరిపితే, అది ఆగి ఆగి కదులుతోందట. రిపేరు షాపతను సరిగ్గా చూడనైనా చూడకుండా "పాతబడిందమ్మా, మార్చేయండి" అన్నాడట.

తీరా చూస్తే అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది! దానికోసమే ఎక్కువ డబ్బు పోసి కొన్నారు కూడా. అదేమో ఊరికే కూర్చుంది. గ్రైండరు మూలన పెట్టి, పదిమందికి ఇడ్లీ పిండి మిక్సీలో రుబ్బితే ఎలా ఉంటుందో చెప్పండి?

ఇలా ఎందుకవుతుందంటే, ఇలాంటి లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్పులు రెండుంటాయి. ఒకటి ప్రాసెసర్‌లో కలిసి వచ్చే చిన్నది. రెండోది విడిగా అమర్చిన పెద్దది. బ్యాటరీ ఆదా అవుతుందని విండోస్ చాలాసార్లు బ్రౌజరును చిన్నదానికే అప్పగిస్తుంది. ఫిగ్మా లాంటివేమో తెరమీది బొమ్మనంతా గ్రాఫిక్స్ చిప్పుతోనే గీయిస్తాయి. పాపం, చిన్నది ఆయాసపడుతుంది.

మీ ఇంట్లోనూ ఇదే బాధైతే, డబ్బు తీసేముందు ఇవి చేసి చూడండి.

1. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తే మీకు రెండు చిప్పులున్నట్టే. ఒక్కటే ఉంటే మూడో చిట్కా మీకు పనికిరాదు.

2. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్‌కు వెళ్లండి. 'యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్' అన్న మీట వేసి ఉందో లేదో చూడండి. ఇది ఆపేసి ఉంటే ఏ కార్డున్నా దండగే.

3. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరుసగా తెరవండి. 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఈ సదుపాయం ఉంది. జాబితాలో మీ బ్రౌజరు లేకపోతే బ్రౌజ్ నొక్కి చేర్చండి. తర్వాత ఆప్షన్స్‌లో 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకుని సేవ్ చేయండి.

4. బ్రౌజరు పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఇది మరిచిపోతే చేసిందంతా వృథా! చార్జరు పెట్టి పని చేసుకోండి.

5. డిజైన్ జరుపుతూ టాస్క్ మేనేజర్ చూడండి. పెద్ద కార్డు గీత లేస్తోందా? అయితే పని అయినట్టే.

ఒక్కమాట. ఆ గీత నూటికి నూరు చేరలేదని బెంగపడకండి. గ్రైండరైనా వేసిన పప్పుకి తగ్గట్టేగా తిరుగుతుంది! కార్డు పనిచేస్తున్నా నెమ్మదిగానే ఉంటే, ఇరవై ట్యాబులు తెరిచి పెట్టారేమో, మరీ పెద్ద ఫొటోలు వేశారేమో చూసుకోండి. ర్యామ్ చాలకపోవచ్చు, నెట్ మందగించి ఉండొచ్చు. వాటికి కార్డు మందు కాదు. ఇంకోటి, పెద్ద కార్డు వేడెక్కుతుంది, చార్జింగూ తొందరగా తాగేస్తుంది. లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండేం.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు వెనక్కి తొంగిచూడండి. మానిటరు వైరు గ్రాఫిక్స్ కార్డుకున్న రంధ్రంలోనే ఉండాలి. చాలామంది పక్కనున్న మదర్‌బోర్డు దాంట్లో పెట్టేస్తుంటారు.

పావుగంట తంటాలు పడ్డాక ఆ అమ్మాయి శుభలేఖలో వినాయకుడు వేలి వెంటే కదిలాడు. చీటీ ఈ నెలకి ఆగింది. అది పండక్కి పాడుకుంటుందట, తనకోసం!