తిండికి మారాం చేసే కుక్కకు పచ్చిమాంసమా?

పెట్టిన తిండిని వాసన చూసి వదిలివేసే పెంపుడు కుక్కకు పచ్చిమాంసం అలవాటు చేయవలెనన్న సలహా నగరాలలో బలపడుతున్నది. తోడేలు ఆహారమే కుక్కకూ సహజమన్నది ఇందుకు చూపే ఆధారం. అయితే పిండిపదార్థాన్ని జీర్ణించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో కంటె కుక్కలో అధికమని 2013లో వెల్లడైంది. పెరుగన్నంతో పెరిగిన ఊరకుక్కలకు ఈ సంగతి ఎన్నడో తెలుసు!

అసలు ముప్పు ఇంటివారికి. గొర్రె కాలేయం, ఊపిరితిత్తులలోని హైడాటిడ్ తిత్తులను పచ్చిగా తిన్న కుక్క ప్రేగులలో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో వెలువడి పిల్లల నోటికి చేరగలవు. డీప్ ఫ్రీజర్‌లో ఉంచినంత మాత్రాన సాల్మొనెల్లా కూడ నశించదు.

కనుక ముందుగా పశువైద్యునిచే దంతాలు, చిగుళ్ళు పరీక్షింపజేయడం, మధ్యమధ్య పెట్టే బిస్కెట్లు మానడం యుక్తం. మాంసమే పెట్టదలచినచో ఉడికించి, ఎముకలు తీసి, పాత ఆహారంలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజులలో మార్చవచ్చు.