గుత్త మాట్లాడేటప్పుడే ఒక చెట్టు పిల్లలకు విడవాలి

దసరా ముందు అచ్చంపేట రోడ్డు మీదికి సీతాఫలం గంపలు వస్తాయి. నల్లమల గుట్టల నుంచి కొన్ని, మన గెట్ల మీది చెట్ల నుంచి కొన్ని. కన్ను విచ్చిన కాయ ఏదీ ఇంట్లో ఆగదు. ఆటోలకెక్కి, డీసీఎంలకెక్కి హైదరాబాద్ దారి పడుతుంది. ఆ కాయ తెంపి గంపకెత్తిన ఇంటి పిల్లగాడు మాత్రం కిరాణం దుకాణం ముందు నిలబడి ఐదు రూపాయల చిప్స్ పొట్లం చింపుకుంటుంటాడు. పండు పండించిన ఊర్లోనే పిల్లలకు పండు కరువైంది.

పిల్లలు పండ్లు తినడం లేదని బడిలో సార్లు, అంగన్‌వాడీ టీచర్లు అంటుంటారు. పట్నం పిల్లల సంగతి వేరు, వాళ్ళు కోసి పెట్టినా తినరేమో. మన పిల్లలు తినకపోవడం కాదు, మనం వాళ్ళకు మిగల్చడం లేదు. జామచెట్టు కనపడితే కోతుల కన్నా ముందు ఎక్కేది మన పిల్లగాండ్లే. వాళ్ళకు ఎవరూ చెప్పి తినిపించనక్కర లేదు, చెట్టు ఉంటే చాలు.

తోట ఉన్న రైతు సంగతి చూద్దాం. కొల్లాపూర్ వైపు మామిడి, నల్లగొండ వైపు బత్తాయి, ఏదైనా పద్ధతి దాదాపు ఒకటే. పూత మీదనో పిందె మీదనో గుత్తేదారు వస్తాడు, బయానా చేతిలో పెడతాడు. చిన్న రైతుకు ఆ పైసలతోనే మందుల దుకాణం బాకీ తీరాలి, పిల్లల ఫీజు కట్టాలి. కాబట్టి గుత్తకు ఇయ్యడం తప్పని నేను అనను. కానీ బయానా తీసుకున్న గడియ నుంచి చెట్టు మీది కాయ మనది కాదు. కాపలాదారు గుడిసె వేసుకుంటాడు. మన పిల్లగాడు మన తోటలో మన చెట్టెక్కితే వాణ్ని దొంగను అదిలించినట్టు అదిలిస్తాడు. మనమూ గుత్తేదారు ముందర మాట పోతుందని పిల్లగాణ్నే కొడతాం. గాలికి రాలిన కాయ తొక్కుకు వస్తుంది, పండు మాత్రం ఎప్పుడో ఒకటి.

దీనికి మందు గుత్త మాట్లాడే రోజే ఉంది. పది మీటర్ల దూరంతో వేసిన పాత మామిడి తోటలో ఎకరానికి 40 చెట్లు పడతాయి. అందులో ఒక్క చెట్టు ఇంటికి విడవమని ముందే చెప్పాలి. 40లో ఒకటి. "అన్నా, గట్లయితే నా లెక్క తప్పుతది" అని గుత్తేదారు అంటాడు. అనుకోనీయండి. బేరంలో ఆయన తగ్గించేది ఆ ఒక్క చెట్టు కాయ విలువే, అంతకు మించి తగ్గిస్తే మనం ఒప్పుకోవద్దు. ఇంకో ఉపాయం కూడా ఉంది. వ్యాపారికి కావలసింది బేనిషాన్. తోటలో ఎక్కడో ఒక మూలన నాటు రసం చెట్టు ఉంటే దాని మీద ఆయనకు మోజుండదు, దూరం పంపితే కాయ నిలవదు కాబట్టి. పిల్లలకు పీల్చుకు తినడానికి అంత మంచి పండు మరొకటి లేదు. ఆ చెట్టే అడగండి. కాపు పట్టిన ఏడు ఒక్క ముదురు చెట్టు కాయ ఒక ఇంటికి ఎండాకాలమంతా సరిపోతుంది, చుట్టాలకూ పంపవచ్చు.

ఇంట్లో మాగేసుకోవడంలో ఇంకో లాభం ఉంది. కార్బైడ్ పెట్టి పండ్లు మాగేయడం మన దేశంలో నిషేధం. ఇథిలిన్ వాయువుతో మాగేయడానికి అనుమతి ఉంది. అయినా దొంగతనంగా కార్బైడ్ వాడేవాళ్ళు ఇంకా దొరుకుతూనే ఉన్నారు. మన పిల్లలకు మనం వరిగడ్డిలో వేసిన కాయ నాలుగైదు రోజులు ఆలస్యమైనా నమ్మకంగా పెట్టవచ్చు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో, అంటే ఆరు నెలలు నిండినవాళ్ళలో, నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2015-16 సర్వేలో ఇది 61 దగ్గర ఉండేది. తగ్గవలసింది పెరిగింది. పండు ఒక్కటే రక్తం పట్టిస్తుందని చెబితే అది అబద్ధం. గుడ్డు కావాలి, పప్పు కావాలి, ఆకుకూర కావాలి, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మింగించాలి. అయితే మన జొన్నరొట్టెలో, తోటకూరలో ఉండే ఇనుము ఒంటికి సులభంగా పట్టదు. దానితోపాటు విటమిన్ సి లోపలికి పోతేనే పడుతుంది. ఆ విటమిన్ జామలో, ఉసిరిలో, నిమ్మలో, బత్తాయిలో ఉంది. కూర మీద నిమ్మకాయ పిండినా, అన్నం తిన్నంక ఒక జామపండు చేతిలో పెట్టినా పని జరుగుతుంది. తిన్న వెంటనే పిల్లలకు చాయ్ పోసే అలవాటు మన ఇండ్లలో ఉంది, ఆ చాయ్ ఈ పనిని చెడగొడుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళ రోజు తిండిలో 100 గ్రాముల పండు ఉండాలని చెప్పింది. అంటే ఒక నడిమి రకం జామకాయ. భయపడేటంత లెక్కేమీ కాదు. రసం తీసి చక్కెర కలిపి తాగించడం కన్నా పండు పండుగా తినడమే మేలు.

ఈ లెక్క వినగానే మనవాళ్ళు ఆపిల్ కొనాలా అని అడుగుతారు. దవాఖానలో ఉన్నవాళ్ళను చూడబోతే ఆపిల్ పట్టుకుపోవడం మర్యాద అయిపోయింది, జామపండ్లు పట్టుకుపోతే చిన్నచూపు. ఎందుకో నాకు అర్థం కాదు. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాముల పైన విటమిన్ సి ఉంటుంది. అంతే ఆపిల్‌లో ఐదు మిల్లీగ్రాములు కూడా ఉండడం కష్టం. ఆపిల్ చెడ్డ పండని కాదు. కాశ్మీర్ నుంచి, హిమాచల్ నుంచి లారీ ఎక్కి వచ్చిన కిరాయి మనం కట్టవలసిన పని లేదంటున్నాను.

ఇగ తోట లేని రైతు మాట. ఈ పేజీ చదివేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. రెండెకరాలు, అందులో పత్తి, కొంత పల్లి, బోరు పోస్తే పోసినట్టు లేకపోతే లేదు. గుత్తేదారు వీళ్ళ గడప తొక్కడు. వీళ్ళ తోట గెట్టు మీదనే ఉంది, ఉండేది అనాలేమో. సీతాఫలం, రేగు, నేరేడు, ఈత ఎవరూ నాటకుండానే గెట్ల మీద మొలిచేవి. నీళ్ళు పోసినవాడు లేడు, మందు కొట్టినవాడు లేడు. సీతాఫలాన్ని మేక కూడా ముట్టదు. బాలానగర్ సీతాఫలం అని ఇతర రాష్ట్రాల్లో కూడా పేరున్న రకం మన పాలమూరు నేలదే. అటువంటి చెట్టును జేసీబీ వచ్చిన రోజు గెట్టు సాఫు చేయమని మనమే తీయిస్తున్నాం. మిగిలిన మొలకలు గడ్డిమందుకు పోతున్నాయి. గెట్టు ఎంత సాఫుగా ఉంటే రైతు అంత మంచివాడన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దాని ఖర్చు పిల్లల నోటికాడ పడింది. నీడకు సాలు పోతుందనే భయం ఉంటే పొలానికి ఉత్తరం గెట్టు మీది చెట్లను ఉంచండి. చలికాలంలో దాని నీడ మన పంట మీద పడదు. నీడ పక్కవాళ్ళ మీద పడితే వాళ్ళతో ముందే మాట్లాడుకోవడం మంచిది, గెట్టు పంచాయితీలు మనకు కొత్త కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పత్తి చేను గెట్టు మీది రేగుచెట్టుకు మందు తుంపరలు తగులుతాయి. మందు కొట్టిన చేను పక్కన పిల్లలను కాయ తెంపనీయవద్దు. ఆ మందు డబ్బా మీద రాసిన రోజులు గడవాలి, ఆ తరువాత కూడా కడిగే తినాలి. పండు తినమని చెప్పి ఈ మాట చెప్పకపోతే పాపం.

ఇంటి వెనుక జాగా ఉంటే బొప్పాయి వేయండి. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు మోరీలో కలిసే బదులు దాని పాదులోకి మళ్ళించవచ్చు. అయితే మొదట్లో నీళ్ళు నిలబడితే బొప్పాయి కుళ్ళిపోతుంది, అందుకని మొదలు చుట్టూ మట్టి ఎగదోసి నీళ్ళు కొంచెం దూరంగా పారించాలి. నాటు విత్తనం అయితే ఒక్క గుంతలో మూడు మొలకలు పెట్టాలి, పూత వచ్చినంక పోతు మొక్కలు తీసేయాలి. నాటిన ఏడాదిలోపే కాయ కనపడుతుంది. కంటిచూపుకు అవసరమైన విటమిన్ ఎ ఒంటికి అందించే పండు అది. జామకు రెండు మూడేండ్లు ఓపిక పట్టాలి, లక్నో-49 అంట్లు మన ఎర్ర చెల్కల్లో బాగానే వస్తాయి. ఉసిరి వేసేవాళ్ళు ఒక్క చెట్టే వేసి కాపు రాలేదంటారు. పక్కన ఇంకో రకం ఉసిరి ఉంటేనే దానికి కాయ నిలుస్తుంది.

"మాకు బువ్వకే లేదు, పండ్ల ముచ్చటా" అని తల్లులు అంటారు. సరే, లెక్క వేద్దాం. ఇద్దరు పిల్లలకు రోజుకు చెరొక ఐదు రూపాయల పొట్లం. నెలకు 300, ఏడాదికి 3,650. ఒక అంటు జామ మొక్క, రెండు బొప్పాయి మొలకలు, వాటికి ముండ్లకంప, అన్నీ కలిపినా అందులో చిన్న భాగమే. పొట్లం ఇయ్యనే వద్దని నేను చెప్పను. పిల్లలు ఏడుస్తుంటే నాట్లకు పోయే తల్లి ఏం చేస్తుంది, చేతిలో ఐదు రూపాయలు పెట్టి పోతుంది. పొద్దున్నే చెట్టు మీద ఒక కాయ ఉంటే ఆ ఐదు రూపాయలు వారంలో రెండు రోజులన్నా మిగులుతాయి.

అడవి పండ్ల గురించి ఒక మాట. ఎండాకాలంలో నల్లమలలో తునికి పండ్లు, మొర్రి పండ్లు దొరుకుతాయి. చెంచు పిల్లలు మొర్రి పండు గుజ్జు తిని గింజ దాచిపెడతారు, ఆ గింజలోదే సారపప్పు, అది అమ్మకానికి పోతుంది. పిల్లలకు తిండీ, ఇంటికి పైసా రెండూ వచ్చే పండు. ఆ పిల్లలే బడికి వచ్చాక తునికిపండు జేబులో పెట్టుకు రావడానికి నామోషీ పడుతున్నారు. తోటి పిల్లలు నవ్వుతారట. ఈ సిగ్గు పోగొట్టడం సార్ల చేతిలో ఉంది. సారు తానే ఒక తునికిపండు అందరి ముందు ఒలుచుకు తింటే, చెప్పవలసింది ఇంకేమీ ఉండదు.

ఇండ్లలో కొన్ని భయాలున్నాయి. జామ తింటే దగ్గు, సీతాఫలం తింటే జలుబు, మామిడి తింటే సెగగడ్డలు అంటారు. దగ్గు, జలుబు అంటుకునేవి వైరస్ వల్ల, పండు వల్ల కాదు. ఆ కాయలు వచ్చే కాలమూ జలుబు తిరిగే కాలమూ ఒకటే కావడంతో నింద పండు మీద పడింది. విరేచనాలు అవుతుంటే అన్నీ బందు పెడతారు. అప్పుడు ఓఆర్ఎస్ నీళ్ళతోపాటు మెత్తగా చిదిమిన అరటిపండు పెట్టవచ్చు. ఐదేండ్ల లోపు పిల్లలకు సీతాఫలం, రేగుపండ్లు గింజ తీసి ఇయ్యాలి, గొంతులో పడితే ప్రమాదం. ఇంకొకటి. పేలు పోవాలని సీతాఫలం గింజలు నూరి ఆడపిల్లల తలకు రాస్తుంటారు. అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. రాయవద్దు.

తినిపించే తీరు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మందు మింగించినట్టు బలవంతం చేస్తే పిల్లలు పండును మందు లెక్కనే చూస్తారు. నాలుగు ముక్కలు కోసి, కొంచెం ఉప్పు కారం చల్లి ముందర పెట్టి మనమూ ఒక ముక్క నోట్లో వేసుకుంటే సరి.

మామిడి తోటల వాళ్ళకు పూత కాలంలో, పుష్యం, మాఘం నెలల్లో గుత్తేదార్లు తిరుగుతారు. వాళ్ళు వచ్చేలోపే ఇంట్లో కూర్చొని ఏ చెట్టు విడవాలో అనుకోండి. పిల్లలనే అడగండి, ఏ చెట్టు కాయ తియ్యగా ఉంటుందో మన కన్నా వాళ్ళకు బాగా తెలుసు. ఆ చెట్టు మొదలుకు సున్నం పూయండి. బయానా కాగితం మీద "సున్నం పూసిన చెట్టు ఇంటికి" అని ఒక ముక్క రాయించండి. నోటిమాట అయితే కాయ దిగేనాటికి కాపలాదారు మారిపోతాడు, వచ్చినవాడు నాకేం తెలుసంటాడు.