‘ఎం.డి.’ అంటే ఎవరు?

డిగ్రీ, ఇంజనీరింగ్ చివరి సంవత్సరాలలో ఉన్న మన పిల్లలు ‘యూఎక్స్ ఇంటర్న్‌షిప్’ అనే మాటను ఇంటికి తెస్తున్నారు. అది కంప్యూటరులో బొమ్మలు గీసే పనేమోనని కొందరు తల్లిదండ్రులు భావిస్తున్నారు. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, అనగా వాడే మనిషికి కలిగే అనుభవం. తెర మీద ఏ ప్రశ్న ముందు రావాలి, ఏ బటన్ ఎక్కడ ఉండాలి, పొరపాటు జరిగితే సరిదిద్దుకునే దారి ఏది అన్నవి నిర్ణయించడమే ఈ పని. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి అవకాశం లభిస్తే వరంగల్ పిల్లలు దానిని తేలికగా వదులుకోరాదని నా అభిప్రాయం.

ఎందుకంటారా? మన ప్రాంతంలో ముహమ్మద్ అనే పేరును కాగితాలపై ‘ఎం.డి.’ అని కుదించి రాయడం పాత అలవాటు. ఆధార్‌లో ఒక విధంగా, రేషన్ కార్డులో మరో విధంగా ఉండడమూ మామూలే. ‘మొదటి పేరు, ఇంటి పేరు’ అని అడిగే ఫారంలో మొదటి గడిలో ‘ఎం.డి.’ పడుతుంది. (అది వైద్యుల పట్టా కూడా కదా!) ఎం.జి.ఎం. వంటి పెద్ద ఆసుపత్రిలో ఆ పేరుతో వెదికితే ఎంతమంది కనిపిస్తారో ఊహించండి. స్త్రీల విషయంలో చివరనున్న ‘బేగం’ ఇంటి పేరైపోతుంది. వీధిలోని వారంతా ఒకే ఇంటివారవుతారు. ఒకరి రక్తపరీక్ష మరొకరి ఖాతాలో చేరడానికి ఇంకేం కావాలి? ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న డిజైనరుకు ఇది తట్టకపోవచ్చు. మండీ బజారులో పెరిగిన అమ్మాయికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఫోను సంగతీ అంతే. 2021 సెప్టెంబర్ 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఇస్తున్నారు. ఆధార్ ద్వారా తీసుకుంటే, ఆధార్‌కు జోడించిన నంబరుకు ఓటీపీ వెళ్తుంది. ఆ నంబరు భర్తది, ఆయన జిద్దాలో ఉన్నాడు. ఇక్కడ గర్భిణి కౌంటరు ముందు నిలబడి ఉంది. లోపం ఆమె చదువులో లేదు. ప్రతి మనిషికీ ఒక ఫోను ఉంటుందని అనుకున్న వారి ఆలోచనలో ఉంది.

ఇవి చిన్న విషయాలు కావు. 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన కిరణాలను ప్రసరించింది. వారిలో కొందరు మరణించారు. ప్రోగ్రాములో లోపాలుండగా, ఒక సందర్భంలో తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అన్న అర్థం కాని మాట కనిపించింది. ఇటువంటి హెచ్చరికలకు అలవాటుపడిన ఆపరేటరు ఒక బటన్ నొక్కి ముందుకు సాగింది.

కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం దైవప్రవక్త (స) మస్జిదులోనే గుడారం వేయించారు, దగ్గరి నుండి పరామర్శించడానికి వీలుగా. రోగి అవసరాన్ని బట్టి ఏర్పాటు ఉండాలన్న దృష్టి మనకు కొత్త కాదు.

ఒక్క హెచ్చరిక. ఇంటర్న్‌కు రోగుల వివరాలు కనిపిస్తాయి. అవి అమానతు. వాటిని ఫోటో తీసి స్నేహితులకు చూపడం, పోర్ట్‌ఫోలియోలో పెట్టడం తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఉండనే ఉంది. అనుమతి లేనిదే పరుల ఇంట అడుగుపెట్టరాదన్న నూర్ అధ్యాయపు ఆదేశం తెలిసిన వారికి చట్టం గుర్తుచేయవలసిన అవసరం రాకూడదు.

సాధనకు డబ్బు అక్కరలేదు. ఫిగ్మా ఉచితంగానే మొదలుపెట్టవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామ ఆసుపత్రి అవసరాల నుండి పుట్టిన ‘బహ్మ్నీ’ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితం; దానిని తెరచి, మీ అమ్మగారి చేత ఒక పేరు నమోదు చేయించి, ఆమె ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఇంటర్న్‌షిప్ ఇస్తామని ఎదురు రుసుము అడిగే వారి గడప తొక్కకండి. చేరే ముందు ఒక్క ప్రశ్న వేయండి: మమ్మల్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళి నర్సుల ప్రక్కన కూర్చోనిస్తారా? తెర రంగులు మార్చడమే పని అని బదులు వస్తే, మరో చోటు వెదుక్కోవడం మేలు.