మామిడి కొత్త అంటే మ్యాంగో మేళా కాదు



బోయిన్‌పల్లి చుట్టుపక్కల రూముల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే మన పిల్లల మధ్య ఈ ఎండాకాలం ఒక చర్చ నడుస్తోంది. ఊళ్లో చేసే మామిడి కొత్త సిటీలో కూడా చేద్దాం, స్టేజీ కడదాం, డీజే పెడదాం, పళ్ల స్టాళ్లు పెడదాం, మన కల్చర్ నలుగురికీ తెలుస్తుంది అని కొందరి మాట. చేద్దాం, మేమూ వద్దనట్లేదు. కానీ ఏం చేస్తున్నామో తెలిసి చేద్దాం.

సిటీలో పళ్ల మేళా ఎందుకు పెడతారు? సరుకు అమ్ముడుపోవడానికి. రైతుకు నాలుగు రూపాయలు వస్తే మంచిదే. మన కొత్త దానికి పూర్తిగా వేరు. శ్రీకాకుళం వైపు టెంకల పండుగ అన్నా, బస్తర్ గోండులు మర్కా పండుం అన్నా, రోజు వేరు, తంతు వేరు. నియమం మాత్రం ఒక్కటే: ఊరి దేవతకు, పెద్దలకు పెట్టకముందు ఆ ఏటి కాయ ఎవరూ నోట్లో పెట్టకూడదు. అంటే మన పండుగలో పెద్ద విషయం తినడం కాదు, అందరూ కలిసి తినేదాకా ఆగడం.

దీన్ని మూఢనమ్మకం అని నవ్వేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. టెంక కట్టని లేతకాయ కోస్తే అది సరిగ్గా మగ్గదు, ఆ టెంక పాతినా మొలవదు. టెంక ముదిరేదాకా ఆగితే పండుకు రుచి, అడవికి ఇంకో చెట్టు. బజారులో ముందొచ్చిన పండుకు రేటెక్కువ కాబట్టి లేతవి కోస్తారు, కార్బైడ్ వేస్తారు. 2011 ఆహార భద్రతా నిబంధనలు ఆ పద్ధతిని నిషేధించాయి, అయినా పూర్తిగా ఆగలేదు. సర్కారు కాగితం మీద రాసి ఆపలేనిది మన ఊళ్లలో ఒక పండుగ ఆపింది.

మన పక్కనే బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులో పాడైపోయిన కూరగాయలతో గ్యాస్, కరెంటు తీసే ప్లాంటు ఉంది. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు. మంచి పనే. మన అవ్వలైతే టెంకనూ పారెయ్యరు. పగలగొట్టి జీడి తీసి, వగరు పోయేదాకా నానబెట్టి కడిగి, ఎండబెట్టి పిండి చేసి, వానాకాలం అంబలి కాస్తారు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి మాత్రమే కాదు, ఆకలి సంగతి కూడా. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంక అంబలి తాగి ఆదివాసులు చనిపోయారు. స్టేజీ మీద డాన్సు చూపించి ఈ మాట దాచేస్తే అది మన పండుగ కాదు.

ఇంకో నిజం. నియమం తప్పేది సిటీకొచ్చిన మనమే కాదు. ఇంట్లో గింజలు అయిపోయిన నెలల్లో షావుకారు దగ్గర అడ్వాన్స్ తీసుకుంటే, పూత మీదే చెట్టు వాడిదైపోతుంది. కోసే రోజు చెప్పేది ఇక ఊరు కాదు, వాడి లారీ. చెట్టు మనది కాకపోతే కొత్త పండుగ ఎన్నాళ్లు ఉంటుంది? అటవీ ఫలసాయం సేకరించుకునే, అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం మనకిచ్చింది. ఆ చట్టం చదివి ఊళ్లో గ్రామసభలో మాట్లాడగలిగేది చదువుకున్న మనమే.

అందుకే మా మాట ఇది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "కొత్త అయిందా?" అని అడుగుదాం. అయ్యేదాకా ఇక్కడ బండి మీద పండు ఎంత ఊరించినా ముట్టొద్దు. చెట్ల మీద అడ్వాన్స్ తీసుకున్నారా అని కూడా అడుగుదాం. అందరి ఊళ్లలో కొత్తలు అయ్యాక ఒక ఆదివారం కలుద్దాం. స్టేజీ వద్దు, గెస్టులు వద్దు. ఎవరి ఊరి పళ్లు వాళ్లు తెచ్చి, కోయ, గోండు, సవర, జాతాపు అని తేడా లేకుండా ఒకే వరసలో కూర్చుని తిందాం. చెట్టు లేని ఇంటి పిల్లకీ అదే వాటా. తిన్నాక చట్టం గురించి గంటసేపు మాట్లాడుకుందాం.

దీనికి ఒప్పుకోనివాళ్లు కూడా కింద రాయండి, వాదించుకుందాం. జై ఆదివాసీ!