గడువు తీరకమునుపే గడప దాటుమనుట

పదునొకండు నెలలకు పత్రము వ్రాసి, మూడు నెలల అద్దెను అడ్వాన్సుగా పుచ్చుకొని తాళములు చేతికిచ్చిన యజమాని, అయిదవ నెల నిండకమునుపే “మా అబ్బాయి అమెరికానుండి వచ్చుచున్నాడు, పదునైదు దినములలో ఇల్లు ఖాళీ చేయండి” అని కబురంపగా, ఏమి చేయుటకును తోచక, భార్యాభర్తలిద్దరును పొద్దుగూకిన వేళ హైదరాబాదు సందులు పట్టుకొని టు-లెట్ బోర్డులు వెదకుకొనుచుండుట ఈ వారము మా పేటలో చూచితిని. వారు ఒక్క నెలయైనను అద్దె బాకీ పడినవారు కారు. గోడకు మేకు కొట్టవలసివచ్చినను అడిగి కొట్టినవారు. “ఓనరుగారు పొమ్మన్నారు, పోక ఏం చేస్తామండీ?” అని ఆ యిల్లాలు పలికిన మాటలో దుఃఖమున్నదే గాని ఆశ్చర్యము లేదు. ఆ ఆశ్చర్యము లేకపోవుటయే నన్ను మిక్కిలి బాధించినది. ఇల్లు ఎవరిదో ఇష్టము వారిదేననెడి భావము మన సంఘమున ఎంత లోతుగా పాదుకొన్నదనగా, అన్యాయమునకు గురియైనవారే అది న్యాయమని నమ్మి మూటలు కట్టుకొనుచున్నారు. ఆ నమ్మకము శాస్త్రసమ్మతము కాదు, చట్టసమ్మతము అంతకంటె కాదు.

ఇంటికి యజమాని యగుట ఒకటి, ఆ యింట నివసించుట వేరొకటి. అద్దె పుచ్చుకొన్నవాడు తన స్వామ్యమును వదలుకొనుట లేదు గాని, నివసించు హక్కును మాత్రము నిర్ణీతకాలమునకు వెల కట్టి ఇతరునకు అప్పగించుచున్నాడు. వెల పుచ్చుకొని అప్పగించినదానిని గడువునకు ముందే మరల లాగుకొనుటకు అతనికి అధికారమెక్కడిది? ఇది నిన్న మొన్న పుట్టిన వాదము కాదు. అద్దె సక్రమముగా చెల్లించుచు, ఒడంబడికను పాటించువాడు, గడువు ముగియువరకు ఏ అంతరాయమును లేక ఆ ఆస్తిని అనుభవింపవచ్చునని యజమాని మాట యిచ్చినట్లే భావింపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనులో చెప్పుచున్నది. పత్రమున ఆ మాట వ్రాయకున్నను వ్రాసినట్లే. గడువు నడుమ వెళ్ళిపొమ్మనుటకు అట్టి షరతు పత్రములోనే యుండవలెను. లేదా అద్దెకున్నవాడు ఒడంబడికను మీరి యుండవలెను. ఈ రెండును లేనప్పుడు యజమానిది కోరికయే గాని ఆజ్ఞ కాదు.

1960లో ఆంధ్రప్రదేశమున పుట్టి, నేటికిని తెలంగాణమున నడచుచున్న అద్దె నియంత్రణ చట్టము ఇంకను స్పష్టముగా మాటాడినది. స్వంత కాపురమునకు ఇల్లు కావలెనని యజమాని రెంటు కంట్రోలరు నాశ్రయింపవచ్చును. కాని గడువు నిర్ణయించుకొని అద్దెకిచ్చినచో, ఆ గడువు తీరువరకు అట్టి అర్జీ పెట్టుటకే వీలులేదు. గడువు తీరిన పిమ్మట ఉత్తరువు పొంది ఇల్లు స్వాధీనపరచుకొన్నవాడు ఒక నెలలోపల ఆ యింట స్వయముగా కాపురము పెట్టకున్నచో, వెడలింపబడినవాడు తన నివాసమును తిరిగి యిప్పింపుమని అడుగవచ్చును. రాని కొడుకుల పేరు చెప్పి, వచ్చిన వారిని వెళ్ళగొట్టు యజమానులుందురని అరువదేండ్ల క్రిందటి శాసనకర్తలు ఎరిగియే ఈ నిబంధన చేసిరి. వారి దూరదృష్టికి నేను చేతులెత్తి నమస్కరించుచున్నాను.

అయినను ఆ చట్టము మా పేటలోని సంసారమును కాపాడజాలదు. ఏలయనగా నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3500 రూపాయలును, తక్కిన చోట్ల 2000 రూపాయలును మించిన అద్దెగల యిండ్లను 2005 నాటి సవరణ ఆ చట్టపు నీడనుండి తొలగించినది. నేటి హైదరాబాదున 3500 రూపాయలకు గాలి వెలుతురు గల గది యొక్కటి దొరకుట దుర్లభము. ఇండ్లలో పాచిపని చేసికొను తల్లులును, ఆటో నడుపువారును, దుకాణములలో గుమాస్తాలును అంతకు మించిన అద్దె చెల్లించుచున్నారు. ధరలన్నియు పెరిగినవి, జీతములును కొంత పెరిగినవి, కాని ఆ హద్దు మాత్రము ఇరువది యేండ్లుగా కదలలేదు. ధనికులను మినహాయించుటకై గీచినదని చెప్పబడు గీత ఈనాడు నిరుపేదలను సైతము ఆవలికి నెట్టినది.

ఎన్నిసార్లు చెప్పినను నాకు తనివి తీరని మాట నొకదానిని ఇక్కడ మరల చెప్పవలసియున్నది. ఈ దురవస్థకు మూలము ఆ పదునొకండు నెలల పత్రము. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము విధించినందున, ఆ ఖర్చును, కార్యాలయముల చుట్టు తిరుగుటను తప్పించుకొనుటకై దేశమంతట ఒక నెల తగ్గించి వ్రాసికొను అలవాటు ఏర్పడినది. కాని మన నేలపై ఆ ఉపాయము 1999 ఏప్రిలు 1వ తేదీతోనే చెల్లిపోయినది. ఆనాడు అమలులోనికి వచ్చిన రాష్ట్ర సవరణ ప్రకారము, స్థిరాస్తి కౌలు ఎంత స్వల్పకాలమునకైనను రిజిస్టరు కావలసినదే. ఈ సంగతి యజమానికి తెలియదు, అద్దెకు దిగువానికి తెలియదు, ఇద్దరికిని నడుమనుండి ఒక నెల అద్దె కమీషను పుచ్చుకొను బ్రోకరు తెలిసికొనడు. నూరు రూపాయల స్టాంపు కాగితముపై, పేర్లను తేదీలను మాత్రము మార్చి, పాత మాటలనే అచ్చొత్తి యిచ్చుచున్నారు.

దాని ఫలితమెట్టిదో చూడుడు. రిజిస్టరు కాని పత్రమును అందలి షరతులకు సాక్ష్యముగా న్యాయస్థానము స్వీకరింపదు. ‘నాకు పదునొకండు నెలల గడువున్నది’ అని అద్దెకున్నవాడు చూపవలసిన కాగితమే అవసరమైన ఘడియలో మూగదియగును. గడువు రుజువు కానప్పుడు అద్దె నెలనెలకు సాగునదిగా లెక్కింపబడును. నెలనెలకు సాగు అద్దెను పదునైదు దినముల నోటీసుతో ముగింపవచ్చునని ఆస్తి బదిలీ చట్టము 106వ సెక్షను చెప్పుచున్నది. పూర్వము ఆ నోటీసు అద్దె నెలతోపాటు ముగియవలెననెడి నియమమైనను ఉండెను. 2002 సంవత్సరాంతమున వచ్చిన సవరణతో అదియును పోయి, నోటీసు అందిన నాటినుండియే దినములు నడచుచున్నవి. యజమానికి ఆ పత్రమువలన నష్టమేమియు లేదు. ఇల్లు అతనిదేనని వేరు దస్తావేజులు చాటుచున్నవి. రిజిస్ట్రేషను ఖర్చు మిగిలినదని ఇద్దరును సంతోషించుచున్నారు గాని, ఆ మిగులునకు మూల్యము చెల్లించువాడు ఒక్కడే.

పదునైదు దినములనగా ఎంత? బడిలో అర్ధసంవత్సర పరీక్షలు వ్రాయుచున్న పిల్లను నడుమ లేవదీయవలెను. వృద్ధురాలైన అత్తగారికి క్రింది అంతస్తులో ఇల్లు చూడవలెను. గ్యాసు కనెక్షను, ఆధారు చిరునామా, ఓటర్ల జాబితాలో పేరు, అన్నియు మార్చుకొనవలెను. కొత్త యజమానికి మూడు నెలల అడ్వాన్సు ముందుగా లెక్కించి యీయవలెను. పాత యజమాని మాత్రము రంగులు వేయింపవలెనని ఒక నెల అద్దెను తగ్గించుకొని, మిగిలినదానిని ‘మరియొకరు చేరిన పిమ్మట ఇచ్చెదను’ అనును. తాను గృహప్రవేశము చేసినపుడు ఆషాఢమును, మూఢమును చూచుకొని, మంచి లగ్నమున పాలు పొంగించిన ఆ గృహస్థుడే, ఎదుటి సంసారమును శూన్యమాసమున సామానుతో వీధిని పడవేయుటకు సంకోచింపడు. తన కాపురమునకు శుభాశుభములు గలవని నమ్మువాడు ఇతరుల కాపురమునకును అవి గలవని నమ్మవలదా?

వెళ్ళనన్న వారిని వెళ్ళగొట్టు విధములును మనకు తెలియనివి కావు. మోటారు చెడినదనుచు నీళ్ళు ఆపుదురు, మీటరు వద్ద ఫీజు పీకుదురు, వీధి తలుపునకు మరియొక తాళము వేయుదురు. ఇవన్నియు చట్టవిరుద్ధములు. తన సమ్మతి లేక, న్యాయమార్గమున కాక, స్వాధీనమునుండి తొలగింపబడినవాడు ఆరు నెలలలోపల దావా వేసి, ఆస్తి ఎవరిదను విచారణతో నిమిత్తము లేకయే, స్వాధీనమును తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. స్థిరముగా స్వాధీనమందున్నవానిని, అతనికి ఉండు హక్కు లేకున్నను సరే, న్యాయస్థానము ద్వారా తప్ప వెడలింపరాదని సుప్రీంకోర్టు 1989లో తేల్చి చెప్పినది. పదునైదు దినముల నోటీసు అందినను, పదునారవ దినమున తాళము పగులగొట్టు హక్కు ఎవరికిని రాదు. ఈ ఒక్క సంగతిని ప్రతి అద్దెయింటివాడును కంఠస్థము చేయవలెను.

అద్దె ఎగవేసి, ఏండ్ల తరబడి ఇల్లు పట్టుకొని కూర్చుండి, పింఛనుపై బ్రదుకు వృద్ధులను కోర్టుల చుట్టు త్రిప్పువారును లేకపోలేదు. వారిపై నాకు జాలి లేదు. 2021లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన నమూనా అద్దె చట్టము అట్టివారినుండి మొదటి రెండు నెలలు రెండింతలును, ఆ పైని నాలుగింతలును అద్దె రాబట్టవచ్చునన్నది. ఆ చట్టమే గడువు నడచుచుండగా చట్టమున చెప్పిన కారణములకు తప్ప ఖాళీ చేయింపరాదనియు, నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదనియు, నీళ్ళు కరెంటు ఆపరాదనియు శాసించినది. ఉభయులకు న్యాయము చేయు మార్గము ఎదుట నున్నది. ఆంధ్రప్రదేశము ఆ దారిలో కొత్త చట్టము చేసికొన్నది. తెలంగాణము 1960 నాటి చట్టమునే పట్టుకొని, దానికి 3500 రూపాయల సంకెల తగిలించి, కాలము గడపుచున్నది.

ఇది వ్రాయుచుండగా ఇంతకంటె ఘోరమైన దురాచారము నా కన్నులకు కట్టుచున్నది. దానిని చెప్పక ముగింపలేను. ఆసుపత్రిలో కన్నుమూసిన తండ్రిని, తాము నెలనెల అద్దె చెల్లించుచున్న యింటికి తెచ్చుకొనుటకు యజమాని ఒప్పుకొనక, శవమును వీధి ప్రక్కనో, శ్మశానములోనో ఉంచుకొని విలపించిన కుటుంబముల వార్తలను మన పత్రికలలో పలుమార్లు చదివితిమి. ధనిష్ఠా పంచకము తగిలినచో ఇల్లు నెలలకొలది పాడుపెట్టవలెనను భయముతో, అవసానదశలో నున్న రోగిని ముందుగానే తరలింపుమను వారును గలరు. మరణము యజమాని యింటికిని వచ్చును, అద్దెయింటికిని వచ్చును. యజమాని యింటికి వచ్చినపుడు అది దుఃఖమై, అద్దెయింటికి వచ్చినపుడు అది మైల యగునా? చావునకు చోటీయనివాడు బ్రదుకునకు మాత్రము అద్దె పుచ్చుకొనుట ఏ ధర్మము? గడువుకు ముందే వెళ్ళుమనుటయు, శవమును గుమ్మమెక్కనీయకపోవుటయు ఒక్క వేరునుండియే పుట్టినవి. అద్దెకున్నవాడు ఆ యింట ‘నివసించుచున్నాడు’ అని మనము అంగీకరించుట లేదు. దిగి వెళ్ళవలసిన బాటసారిగానే ఎంచుచున్నాము.

శాసనసభ చేయవలసిన పనులు మూడు. 3500 రూపాయల హద్దును తొలగించి, నివాసగృహములన్నింటికిని చట్టరక్షణ కల్పింపవలెను. అద్దెపత్రమును స్వల్పమైన రుసుముతో, తెలుగున, ఒక్కపూటలో వార్డు కార్యాలయములోనే రిజిస్టరు చేయు ఏర్పాటు గావింపవలెను. అద్దెయింట జరుగవలసిన అంత్యక్రియలకు అడ్డువచ్చుట శిక్షింపదగిన నేరమని స్పష్టముగా వ్రాయవలెను. అవి జరుగువరకు అద్దెకు దిగువారు రిజిస్ట్రేషను ఖర్చులో సగము తామే భరించియైనను పత్రము రిజిస్టరు చేయించుకొనుడు. అద్దెకును అడ్వాన్సుకును రసీదు పుచ్చుకొనుడు. నోటిమాట విని తాళములు అప్పగింపకుడు. గడువుకు ముందే పొమ్మను యజమానిని, ఏ షరతు ప్రకారము పొమ్మనుచున్నారో కాగితముపై వ్రాసి యిమ్మని అడుగుడు. అట్లు అడుగుట అమర్యాద కాదు, కృతఘ్నత కాదు; ప్రతి నెల అయిదవ తేదీలోపల వెల చెల్లించి కొనుక్కొన్న హక్కు అది.