పేర్లు కలిస్తే బాకీలు కలిసిపోవాలా?

హైదరాబాదు పాతబస్తీలో మదీనా, పత్తర్‌గట్టి దుకాణాల నుంచి బట్టలు, లాడ్‌బజారు నుంచి గాజులు తెచ్చి అమ్ముకునే చిన్న కొట్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. కొంత రొక్కం, కొంత ఉద్దెర. దసరాకు తెచ్చిన సరుకు బాకీ సంక్రాంతికి తీరుతుంది. పెండ్లిళ్ల రోజుల్లో తెచ్చింది ముహూర్తాలు ముగిశాక తీరుతుంది. ఈ వ్యాపారం నడిచేది నమ్మకం మీద. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది పద్దు. ఇప్పుడు ఆ పద్దు కంప్యూటరులోకి చేరింది. చేరడం మంచిదే. కాని అక్కడ జరిగే ఒక పొరపాటు మన కొట్లవాళ్ల మెడకు చుట్టుకుంటోంది.

మా చిన్నాన్నకు ఊళ్లో లక్ష్మి పేరు మీద బట్టల కొట్టు ఉంది. పాతబస్తీలోని ఒక టోకు దుకాణంలో ఆయనది ఇరవై ఏళ్ల ఖాతా. దసరా సరుకు కోసం వెళితే గుమాస్తా కంప్యూటరు చూసి, "పాత బాకీ పద్దెనిమిది వేలు అట్లాగే ఉంది, అది కట్టండి, తరువాత చూద్దాం" అన్నాడు. ఆ పద్దెనిమిది వేలు నెల కిందటే ఫోనులో పంపిన సొమ్ము. ఫోను తీసి చూపించాడు. వెతగ్గా వెతగ్గా తేలింది ఏమంటే, ఆ సొమ్ము మరో మండలంలో ఉన్న మరో లక్ష్మి కొట్టు ఖాతాలో జమ అయింది. తప్పు దిద్దేసరికి పొద్దు గుంకింది. బస్సు పోయింది. దానికన్నా పెద్ద నష్టం, ఇరవై ఏళ్ల ఖాతాదారు పదిమంది బేరగాళ్ల ముందు బాకీ ఎగ్గొట్టినవాడిలా నిలబడవలసి రావడం.

ఆ సేటు మోసగాడు కాడు. గుమాస్తా సోమరి కాడు. మరి తప్పు ఎక్కడ జరిగింది?

ఈనాడు ఒక మోస్తరు దుకాణంలో కంప్యూటరు రెండు పుస్తకాలు రాస్తుంది. ఒకటి గిరాకీల పుస్తకం. ఎవరు వచ్చారు, ఏ ఊరు, ఫోను నంబరేమిటి, ఏ రకం చీరలు అడిగారు, మళ్లీ ఎప్పుడు ఫోను చేయాలి అన్నవి అందులో ఉంటాయి. దీన్నే సీఆర్‌ఎం అంటున్నారు. రెండోది లెక్కల పుస్తకం. బిల్లు, జమ, బాకీ, జీఎస్టీ అందులో ఉంటాయి. మన వ్యాపారులు ఎక్కువగా వాడే టాలీ ఈ రెండో రకానిది. జోహో వంటి కంపెనీలు రెండు రకాలూ అమ్ముతున్నాయి. ఒకే పేరు రెండు చోట్లా రాయడం దండగ కదా అని, ఒకదానిలో రాస్తే రెండో దానిలోకి దానంతట అదే వెళ్లేలా రెంటినీ కలుపుతున్నారు. ఆలోచన మంచిదే. కలిపే తీరులోనే చిక్కుంది. ఆ దుకాణంలో పేరు చూసి కలిపారు.

పేరు చూసి కలిపితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. లక్ష్మి, వేంకటేశ్వర, సాయి పేర్లు లేని అంగడి వీధి ఉందా? పైగా ఇవన్నీ ఇంగ్లీషులో రాస్తారు. లక్ష్మిని ఒకరు 'కెఎస్‌హెచ్' పెట్టి రాస్తే, మరొకరు 'ఎక్స్' పెట్టి రాస్తారు. ఒకే మనిషి ఇద్దరవుతాడు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. సాఫ్ట్‌వేరు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు చూపిస్తుంది. ఒక గుమాస్తా ఇంటిపేరు ముందు గడిలో వేస్తాడు, మరొకడు వెనుక గడిలో వేస్తాడు. ఇక చిరునామా సంగతి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు పది నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. సూర్యాపేట కొట్టు పాత పుస్తకంలో నల్లగొండ జిల్లాలో ఉంది, కొత్త పుస్తకంలో సూర్యాపేట జిల్లాలో ఉంది. కొట్టు కదలలేదు, కాగితం మీద జిల్లా మారింది.

టాలీలో ఒకే పేరుతో రెండు ఖాతాలు తెరవనివ్వదు. అందుకని గుమాస్తా పేరు చివర ఊరి పేరో, 'కొత్త' అనో, ఒక అంకెో తగిలిస్తాడు. అది అతనికి గుర్తుంటుంది. అతను మానేసి వెళితే తరువాత వచ్చినవాడికి ఏం తెలుస్తుంది? బయటి నుంచి ఖాతాల జాబితా తెచ్చి టాలీలో పోసేటప్పుడు, అదే పేరు ముందే ఉంటే ఏం చేయాలో చెప్పవలసి ఉంటుంది. పాత ప్రారంభ నిల్వకు కొత్త నిల్వ కలపాలా, కొత్త వివరాలతో మార్చాలా, లేక రెండోదాన్ని వదిలేయాలా అన్నది అక్కడ ఎంచుకోవాలి. తొందరలో 'కలుపు' అని నొక్కితే ఇద్దరి బాకీ ఒకరి నెత్తిన పడుతుంది.

పూర్వం ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు? అప్పుడు కూడా పుస్తకాలు రెండే. రోజువారీ చిట్టా ఒకటి, ఖాతాలవారీ ఆవర్జా ఒకటి. సాయంత్రం చిట్టాలోని ప్రతి పద్దునూ ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు పక్కనే ఆవర్జా పుట నంబరు వేసేవారు. రెండు పుస్తకాలనూ కలిపింది పేరు కాదు, ఆ పుట నంబరు. లక్ష్మీ కొట్లు పది ఉన్నా 112వ పుట ఒక్కటే. చదువు అంతంతమాత్రమైన గుమాస్తాలు కూడా పాటించిన ఈ పద్ధతిని, లక్షల పద్దులు రాయగల కంప్యూటరు వచ్చాక వదిలేయడమేమిటి?

జీఎస్టీ నంబరు ఉన్నవారికి ఆ నంబరే మంచి గుర్తు. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది పాన్ నంబరు. ఇది తప్పుగా అతికితే నష్టం బాకీతో ఆగదు. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు తన రిటర్నులో చూపిన బిల్లుకే కొన్నవాడికి పన్ను జమ దక్కుతుంది. మీ బిల్లు మరొకరి నంబరు మీద వెళితే మీరు కట్టిన పన్ను మీ లెక్కలో కనిపించదు. దిద్దుకోవడానికి ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే గడువు.

మన ఊరి చిన్న కొట్లు చాలావాటికి జీఎస్టీ నంబరు లేదు. ఫోను నంబరు చాలదా అంటారు. చాలదు. ఫోను కొడుకుది అయి ఉంటుంది, కొడుకు పట్నంలో ఉంటాడు. మూతపడిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీలు వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన బాకీ కబురు ఎవరో ముక్కూముఖం తెలియనివాడికి చేరుతుంది. అందుకే ప్రతి ఖాతాదారుకూ దుకాణం తనదైన ఒక నంబరు ఇవ్వాలి. రెండు పుస్తకాల్లోనూ అదే ఉండాలి. బిల్లు మీద అదే అచ్చు కావాలి.

టోకు వర్తకులకు మా విజ్ఞప్తి ఇది. కలపడానికి ముందు రెండు జాబితాలనూ పాత గుమాస్తాను కూర్చోబెట్టి సరిచూడండి. పాత లెక్కల నకలు ఒకటి వేరుగా దాచండి. ఏ వివరానికి ఏ పుస్తకం పెద్దదో ముందే తేల్చండి. పేరు, జీఎస్టీ నంబరు, బాకీ విషయంలో లెక్కల పుస్తకం మాటే చెల్లాలి. ఫోను, రాకపోకల విషయంలో గిరాకీల పుస్తకం మాట చెల్లాలి. రంజాను, దసరా రద్దీలో ఈ పని పెట్టుకోవద్దు. మార్చి 31 లెక్కలు ముగించి, ప్రతి ఖాతాదారుకూ నిల్వ చీటీ పంపి, ఒప్పుకున్నాక కలపండి. అంత తీరిక ఎక్కడిది అంటారేమో. ముప్పై ఖాతాలు సరిచూసేందుకు ఒక పూట పడుతుంది. చెడిన ఒక్క ఖాతాను మళ్లీ నమ్మించడానికి ఎన్ని పూటలు పడుతుంది?

మన కొట్లవాళ్లు చేయవలసిందీ ఉంది. సొమ్ము పంపిన ప్రతిసారీ వచ్చే 12 అంకెల యూపీఐ నంబరును నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఫోను మారితే దుకాణానికి ఆనాడే చెప్పాలి. మూడు నెలలకొకసారి ఖాతా నకలు అడగాలి. అడగడం అనుమానించడం కాదు. దుకాణం పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన బాకీ రుజువైనట్టు కాదని, దానికి వేరే ఆధారం కూడా కావాలని మన సాక్ష్య చట్టమే చెబుతోంది. అలాగే చీటీ దాచుకోని ఖాతాదారు కట్టానని నోటితో అంటే సరిపోదు.

మా చిన్నాన్న ఇప్పటికీ ఆ దుకాణానికే వెళుతున్నాడు. సేటు నొచ్చుకుని చాయ్ తెప్పించి, సరుకు ఇచ్చి పంపాడు. కాని ప్రతివాడికీ ఇరవై ఏళ్ల పరిచయం ఉండదు. కిందటేడు కొట్టు తెరిచిన కుర్రవాడికి అదే జరిగితే, అతని మాట ఎవరు వింటారు? ఆ కుర్రవాడి తరఫున మాట్లాడవలసింది పద్దే. దాని మీద అతని పేరొక్కటే కాదు, అతని నంబరూ ఉండాలి.