భయానక చిత్రములకు న్యాయము జరుగవలయును

సంపాదక మహాశయా,

గత సంచికలో మీ వ్యాసకర్త భయానక చిత్రములన్నియు రక్తప్రదర్శనముచే ధనము గడించు నీచవినోదములని తీర్మానించిరి. ఈ తీర్పును నేను సమ్మతింపజాలను. ఏలయన, ఏ దశాబ్దమున జనులు దేనికి భీతిల్లిరో ఆ దశాబ్దపు భయానక చిత్రములు నిష్కపటముగా చెప్పుచున్నవి.

ప్రథమ ప్రపంచయుద్ధానంతరము, 1920లో జర్మనీయందు వెలువడిన ‘ది కేబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరీ’ వంకరగోడల నడుమ, నిద్రావస్థలోనే యజమాని యాజ్ఞకు లోబడి హత్యలొనర్చు యువకుని చూపి, తన చిత్తము తనకు వశముకాని మానవుని దైన్యమును ప్రదర్శించినది. 1954 మార్చిలో బికినీ దీవులయొద్ద అమెరికా జరిపిన హైడ్రోజను బాంబు పరీక్షవలన జపాను జాలరులు విషధూళి పాలుగా, ఆ నవంబరులోనే విడుదలయైన ఇషిరో హోండా ‘గాడ్జిల్లా’ అణుభీతికి ఆకారమొసగినది. 1968లో జార్జి రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చిత్రమున, లేచివచ్చిన శవములతో రాత్రియంతయు పోరాడి బ్రదికిన నల్లజాతి నాయకుడు, తెల్లవారిన పిమ్మట ఆ శవములను వేటాడవచ్చిన సాయుధుల తుపాకికి బలియగును. వర్ణవివక్షతో రగులుచున్న నాటి అమెరికాలో ఆ ముగింపు ప్రేక్షకులకెంత హృదయవిదారకమో ఊహింపుడు.

రక్తపాతమే పరమార్థముగాగల చిత్రములు లేకపోలేదు. వానిని నిర్దాక్షిణ్యముగా ఖండింపుడు. కాని భరతముని నాట్యశాస్త్రమున రసముగా నంగీకరించిన భయానకమును సమూలముగా తిరస్కరించుట విమర్శ యనిపించుకొనదు. ఇట్టి ఉత్తమ చిత్రములను విడివిడిగా పరిశీలించు వ్యాసమును మీరు ప్రకటింపవలెనని నా ప్రార్థన.

ఇట్లు,
మీ చిరకాల పాఠకుడు